మూడోవరస గొంతు

...అయినా తప్పు కూడా అరిగిపోతుందని నాకెవరు చెప్పారు గనక? చెప్పులు అరుగుతాయి, సబ్బు అరుగుతుంది. అవి కళ్ళకి కనిపిస్తాయి. తప్పు అరగడం అలా కనిపించదు. రెండేళ్ళపాటు వారానికి రెండుసార్లు పాడితే అది మెల్లగా నున్నబడి, మెరుగెక్కి, ఒకరోజు చూసుకునేసరికి ఒప్పులా తయారై కూర్చుంటుంది. నిన్న అదే జరిగింది. స్టూడియోలో గాజు అద్దానికి అవతల, పాటలు కట్టే మాస్టారు తల రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత మైకు బొత్తం నొక్కి, "ఈమధ్య నువ్వు తప్పు సరిగ్గా పాడుతున్నావమ్మా" అన్నారు. ఇంజనీరు నవ్వాడు. నేనూ నవ్వాను. మాస్టారు నవ్వలేదు.

బస్సు మలుపు తిరిగింది. ఇంకా రెండు స్టాపులు. కిటికీ పక్కన కూర్చున్నావిడ ఫోన్‌లో మా సీరియలే చూస్తోంది. ఏ సీరియల్ అని వంగి చూడక్కర్లేదు, ఆవిడ భుజాలు కదిలే తీరునిబట్టి తెలిసిపోతుంది. మూడోవరస పాడుతున్నప్పుడు జనం నోటితో కాదు, భుజాలతో నవ్వుతారు. పగలబడి నవ్వితే ఆ పిల్ల నొచ్చుకుంటుందేమో అన్నట్టు.

నా పనేమిటో ఎవరికైనా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలీదు. అదృష్టం కొద్దీ చెప్పే అవసరం లేదు. ఎవరికీ, ఇంట్లోవాళ్ళకి కూడా, చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను. అదొక హైస్కూలు సీరియల్. స్కూల్లో పాటల బృందం ఒకటి. వారం వారం ఒక పోటీ, ఒక తగవు, రెండు పాటలు, బోలెడు నవ్వులు. మొదటి వరసలో మెడ పొడుగ్గా ఉండే హీరోయిన్ పిల్ల, ఆ పిల్లని చూసి కుళ్ళుకునేవాళ్ళు. రెండో వరసలో మిగతావాళ్ళు. మూడో వరసలో, చివర, యూనిఫాం కాలరు ఎప్పుడూ ఒకవైపు లేచి నిలబడి ఉండే పిల్ల ఒకతి. దాని పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ మూడోవరస అంటారు. శృతి తప్పి పాడుతుంది. కానీ ప్రాణం పెట్టి పాడుతుంది. మొదట్లో మూడు ఎపిసోడ్ల తర్వాత ఆ పిల్లకి టీసీ ఇప్పించి పంపేద్దామనుకున్నారు. జనం ఊరుకోలేదు. ఇప్పుడు సీరియల్ ఆ పిల్ల కాలరు పట్టుకునే నడుస్తోంది.

ఆ వేషం కట్టే అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. చక్కగా నటిస్తుంది. పాట మాత్రం రాదు. పాట రాకపోవడం వేరు, తప్పు పాడటం వేరు. ఆ అమ్మాయి పాడితే గొణుగుడే తప్ప తప్పు కూడా రాదు. అందుకని ఆ గొంతు నేను. తనే పాడుతోందని బయట ప్రచారం. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. నేను ఆ సీరియల్లో కోరస్ పాడతానని మావాళ్ళకి తెలుసు, అంతవరకే తెలుసు.

ఆ గొంతు కోసం ఎంపిక జరిగిన రోజు మేం ఏడుగురం. హాస్యం చేసేవాళ్ళు ముఖం వంకర్లు తిప్పి పాడారు. వాళ్ళ తప్పులో 'చూడండి నేనెంత తప్పు పాడుతున్నానో' అన్న గర్వం వినిపించింది. సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఒక స్వరం తప్పించి ఇంకో స్వరం మీద, అదీ కచ్చితంగా, దిగారు. మేమంతే. పడిపోతున్నప్పుడు కూడా మెట్టు మీదే కాలు పెడతాం. నా వంతు వచ్చింది. పదహారేళ్ళు కోరస్ పాడినదాన్ని. కోరస్‌లో ఎవరి గొంతు విడిగా వినబడితే వాళ్ళది తప్పు. మైకు ముందు ఒక్కదాన్నే నిలబడి ఎన్నాళ్ళయిందో. కళ్ళు మూసుకున్నాను. ఎందుకో అక్క గుర్తొచ్చింది. మిషన్ మీద కూర్చుని, గుడ్డ మడత మీద కళ్ళు పెట్టి, తన మానాన తను పాడుకునే అక్క. ఎంత ధీమాగా పాడేదనీ. పాట పైకి వెళ్తే తనూ వెళ్తుంది, దిగాల్సిన చోట దిగదు, అక్కడే కాస్త తచ్చాడి ఒక్కసారిగా తర్వాతి పైస్వరం మీదికి దూకేస్తుంది, అదీ ఓ అరక్షణం ముందే. దూకి, అక్కడ పాట వచ్చేదాకా ఎదురుచూస్తూ నిలబడుతుంది.

అలాగే పాడాను. మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?"

"ఊరికే అలా వచ్చింది సార్."

అబద్ధం అంత తేలిగ్గా పెదవి దాటగలదని నాకు అంతకుముందు తెలీదు.

రెండేళ్ళయింది. రేపు పొద్దున పదింటికి చివరి ఎపిసోడ్ పాట రికార్డింగ్. మూడోవరస మొదటిసారి స్టేజీ మీద ఒంటరిగా, మొదట్నుంచి చివరిదాకా పాడుతుంది. వెనక దాక్కోవడానికి బృందం లేదు. "ఆ పిల్లకి తను తప్పు పాడుతున్నానని తెలీదు. నీకు తెలిసిపోతోంది, నీ గొంతులో నవ్వు వినబడుతోంది" అన్నారు నిన్న మాస్టారు. "ఆ పాత తప్పు ఎక్కడ దొరికిందో అక్కడికెళ్ళి మళ్ళీ తెచ్చుకో. తేలేకపోతే చెప్పు, ఇంకో అమ్మాయి ఉంది."

అందుకని తెచ్చుకోవడానికి వెళ్తున్నాను.

బస్సు దిగి, వీధి మూలమీద ఆగి, బ్యాగ్‌లో ఫోన్ రికార్డు బొత్తం నొక్కి, జిప్పు ఓ అంగుళం తెరిచి ఉంచాను. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తటపటాయించి ఉంటే నా మీద నాకు కాస్త మర్యాద మిగిలేది.

అక్క షాపు వెడల్పు రెండు మిషన్లంత. తలుపు మీద 'మార్పులు, చేర్పులు చేయబడును' అన్న బోర్డు. కొత్త బట్టలు కుట్టదు. పొడుగైనవి పొట్టి చేస్తుంది, బిగుసుకున్నవి వదులు చేస్తుంది. దగ్గర్లో రెండు హైస్కూళ్ళున్నాయి కాబట్టి గోడకి ఎప్పుడూ ఇరవై ముప్ఫై యూనిఫాం కోట్లు వేలాడుతూ ఉంటాయి, తలలు లేని క్లాసులా. పక్క షాపు టీవీలు బాగుచేసే ఆయనది. రెండు షాపులకీ మధ్య ఉన్నది గోడ కూడా కాదు, పల్చటి చెక్క.

మిషన్ నడుస్తోంది. గుమ్మంలో ఓ నిమిషం ఆగి విన్నాను. మిషన్ ఒక్కటే నడుస్తోంది.

"ఏమే పాటల పెట్టె, దారి తప్పొచ్చావా?" అంది అక్క తలెత్తకుండానే.

"నీడ చూసి చెప్పేస్తావా ఏంటి?"

"నీడేంటి, చెప్పుల చప్పుడు. చిన్నప్పట్నుంచీ కుడికాలు ఈడ్చి నడుస్తావు. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి సూదులున్నాయి."

సూదులు లేని స్టూలు వెతుక్కుని కూర్చున్నాను. బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను, జిప్పు తెరిచిన వైపు అక్కకేసి తిప్పి.

"ప్యాంటు అంచు ఊడిందక్కా."

అక్క చెయ్యి చాపింది. కవర్లోంచి తీసిచ్చాను. కాలు తిరగేసి, అంచు వెలుతురుకి పట్టి చూసింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మళ్ళీ చూసింది.

"ఊడలేదే ఇది. కోశారు."

"ఊడిందక్కా, నిన్న..."

"ఊడిన దారానికి చివర పీచు ఉంటుంది. ఇది చూడు, ఎంత నున్నగా ఉందో. బ్లేడు పెట్టి కోశారు." నావైపు చూసి, ఏమనుకుందో, నవ్వింది. "ఎవరు కోశారో గానీ చెయ్యి తిరిగినవాళ్ళు కాదు. రెండుచోట్ల గుడ్డ కూడా తెగింది. నీకు నన్ను చూడాలనిపిస్తే ఊరికే రావచ్చు కదే, ప్యాంటుని హింసించడమెందుకు?"

నా చెవులు వేడెక్కాయి. ఈ మనిషి ముందు నేనెప్పుడూ ఏదీ దాచలేకపోయాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ దాచగలగడం కూడా నా తెలివి కాదు. అది తన గొంతే కాబట్టి తనకి వినబడలేదు, అంతే.

అక్క నా ప్యాంటు పక్కన పెట్టి చేతిలో ఉన్న కోటు చేతులు పొడుగు చెయ్యడంలో పడింది. పాత మడత విప్పి, గీత మిగిలినచోట తడిగుడ్డతో అద్ది, ఇస్త్రీపెట్టె ఆనించి తీసింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడైతే ఈ పాటికి రెండు పాటలు అయిపోయేవి. సూది ఎక్కిస్తున్నప్పుడు ఒక పాట, ఇస్త్రీకి ఒక పాట, లెక్క తప్పి విప్పాల్సొస్తే విసుగ్గా ఇంకో పాట. ఇప్పుడు పెదవులు బిగిసి ఉన్నాయి. వాటి మధ్య గుండుసూదులు లేవు. చూశాను.

ఓ పాత పాట కూనిరాగం తీశాను. మొదటి లైను పాడి ఆపేశాను. చిన్నప్పుడు నేను అలా ఆపితే అక్క అందుకునేది, అందుకోకుండా ఉండలేకపోయేది.

"తర్వాత మర్చిపోయావా?" అంది. "ఏం పాటగత్తెవే నువ్వు."

"నువ్వందుకో."

"నాకు పనుంది." పెడల్ మీద కాలు పెట్టింది. మోటారు గుర్రుమంది.

ఇంతలో హైస్కూలు పిల్ల ఒకతి బ్యాగు వీపున వేసుకుని దూసుకొచ్చింది. కోటు తీసి మిషన్ మీద పడేసింది.

"ఆంటీ, దీని కాలరు ఒకవైపు లేపి కుట్టరా?"

"లేపి?"

"ఇటువైపు. మూడోవరస లాగా. మా స్కూల్లో నాటకమేస్తున్నాం. నేనే మూడోవరస."

"ఇరవై ఏళ్ళుగా లేచిన కాలర్లని కూర్చోబెట్టడమే నా పని. ఇప్పుడు కూర్చున్నదాన్ని లేపమంటావు!" అక్క కాలరు వేళ్ళతో తడిమింది. "లోపల గట్టి గుడ్డ ఒకవైపే వెయ్యాలి. పడిపోయినట్టుండాలి గానీ పడకూడదు. పాట కూడా పాడతావా?"

"పాడనా?"

"అది అడగాలా, పాడు."

ఆ పిల్ల నడుం నిటారుగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, బృందం పాట ఎత్తుకుంది. 'అడుగు వెయ్యి, వెయ్యి అడుగులు వెయ్యి.' రెండో 'వెయ్యి' దగ్గర దిగకుండా తచ్చాడి, అరక్షణం ముందే పైకి దూకింది. చక్కగా పట్టుకుంది. నా నకలుకి నకలు. అసలు మనిషి ఎదురుగా కాలరు పట్టుకుని కూర్చుంది.

అక్క నవ్వింది. "అచ్చం దించేశావు" అని చప్పట్లు కొట్టింది. కానీ పెడల్ మీంచి కాలు ఎప్పుడు తీసిందో, తీసి నేలమీద రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని కూర్చుంది, బడిలో లేపి నిలబెట్టబోయే పిల్లలా. పిల్ల ఎల్లుండి వస్తానని వెళ్ళిపోయింది.

నా ఒళ్ళో ఫోన్ మోగింది. మాస్టారు. ఆయన గొంతు ఫోన్ చెవికి ఆనించకపోయినా పది అడుగుల దూరం వినిపిస్తుంది.

"దొరికిందా అమ్మా?"

"ఇంకా లేదు సార్."

"సాయంత్రం లోపల చెప్పు. అవతలమ్మాయికి కబురు పెట్టాలి."

ఫోన్ వచ్చేసరికి రికార్డు దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ నొక్కాలని వేలు వెళ్ళింది. వెళ్ళి, ఎందుకో, అక్కడే ఆగింది. పట్టుకుని ఉన్నంతసేపూ బరువు తెలీని వస్తువేదో ఎవరో చేతిలోంచి తీసేసినట్టనిపించింది.

"ఏం దొరకాలే?" అంది అక్క.

"రేపటి పాట."

"పాట దొరకడమేంటి, పోయిందా?"

ఫోన్ బ్యాగ్‌లో పడేశాను. అక్క పిల్ల వదిలెళ్ళిన కోటు ఒళ్ళోకి తీసుకుని కాలరు కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టూ కత్తెర మొనతో లేపి, దారం లాగి, వేలికి చుట్టుకుంటోంది.

"నువ్వు ఆ సీరియల్లో కోరస్ పాడతావు కదా, ఆ పిల్లని దగ్గర్నించి చూశావా?"

"చూశాను."

"నిజంగా అలాగే పాడుతుందా?"

"ఆఁ."

"పాపం."

"పాపమేంటక్కా, ఆ పిల్లంటే జనానికి ఎంతిష్టమో."

"ఇష్టం సరే. ఇంట్లో ఎవరూ లేరా ఆ పిల్లకి? ఒక అమ్మో, అక్కో, చెల్లెలో. ఊరంతా నవ్వకముందే, 'ఇదిగో, నువ్వు పాడేది ఇలా ఉందే' అని మెల్లగా చెప్పేవాళ్ళు?"

"అది కథ కదా."

"కథే. నాకు మాత్రం తెలీదా." దారం పుటుక్కున తెగింది. "అది మొదటిసారి వచ్చిన రోజు మీ బావ పడీ పడీ నవ్వాడు. 'అచ్చం నువ్వే, నిన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టినట్టుంది' అన్నాడు. నేనూ నవ్వాను. ఆయనకేం, ఆయన నవ్వినా అందులో ఏమీ ఉండదు. తెల్లారి ఆయన పనికెళ్ళాక ఫోన్‌లో పాడి రికార్డు చేసుకుని విన్నాను."

"విని?"

"ఏముంది. ఆ పిల్లనీ నన్నూ పక్కపక్కన నిలబెట్టొచ్చు." అని నవ్వి, కాలరు లోపలి గుడ్డ మెల్లగా బయటికి లాగింది. "నలభై రెండేళ్ళే నాకు. నేను బాగా పాడతాననే అనుకున్నాను. నీ అంత కాదనుకో. కానీ బాగానే పాడతాను, నేర్పి ఉంటే ఇంకా బాగా పాడేదాన్ని అని. కుట్టేటప్పుడు జనం గుమ్మంలో ఆగి వినేవాళ్ళు కూడా. ఎందుకు ఆగేవాళ్ళో ఇప్పుడు అర్థమైంది."

తన మీద తనకి జాలి లేదు ఆ గొంతులో. బట్టలో లోపం చూపిస్తున్నట్టు చెప్పింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నువ్వు సంగీతం నేర్చుకున్నదానివి" అంది. "పెళ్ళయ్యేదాకా నా పక్కనే పడుకున్నావు. ఒక్కసారన్నా చెప్పలేదేమే?"

జవాబులు వరస కట్టాయి. నాకిష్టం కాబట్టి చెప్పలేదు. ఇది నిజమే. నువ్వు పాడుతుంటే ఇల్లు ఇల్లులా ఉండేది కాబట్టి. ఇదీ నిజమే. వాటి వెనక ఇంకొకటి నిలబడి ఉంది. అది ముందుకి రాదు, వెళ్ళిపోదు. ఏడేళ్ళ వయసులోనే నాకు తెలుసు, అక్క తప్పు పాడుతున్నంతకాలం ఇంట్లో పాటగత్తెని నేనే అని. ఆ తప్పుకి వీపు ఆనించి నేను ఎదిగాను. తర్వాత దాన్నే తీసుకెళ్ళి మైకు ముందు పెట్టాను. కోరస్‌లో ఎవరికీ వినబడని నా గొంతు దేశమంతా వినబడింది, అక్క గొంతయ్యాకే వినబడింది.

"పోనీలే, అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పు. నేను అలాగే పాడతానా?"

నేను నోరు తెరిచేలోపే మిషన్ తొక్కింది. అక్క ఎప్పుడూ అంతే. అడగాల్సింది అడిగేస్తుంది, అవతలివాళ్ళు తప్పించుకోవడానికి కాస్త చప్పుడు కూడా తనే ఇస్తుంది. చప్పుడు ఆగేలోగా నేను మాట మార్చేయొచ్చు. 'ప్యాంటు ఎప్పుడిస్తావు' అనొచ్చు. అంటే అక్క ఇంకెప్పుడూ అడగదని కూడా నాకు తెలుసు. ఇంకెప్పుడూ పాడదని కూడా.

అప్పుడే చెక్కకి అవతలి నుంచి బృందం పాట మొదలైంది. టీవీలాయన బాగుచేసిన సెట్టు పెట్టి చూసుకుంటున్నట్టున్నాడు. 'అడుగు వెయ్యి, వెయ్యి అడుగులు...' నా గొంతే. మూడోవరస. అదే ఎగరడం, అదే ఖాళీ, మళ్ళీ ఒక్క దూకుడు. ఏ పాట ఎక్కడ ఎలా తప్పానో నాకు వేళ్ళ మీద ఉంటుంది. ఇది ఎప్పుడు పాడానా అని వెతుక్కున్నాను. గుర్తు రాలేదు.

దారం అయిపోయింది. అక్క మిషన్ ఆపి బాబిన్ మార్చడానికి వంగింది.

చప్పుడు ఆగగానే పాట మారిపోయింది. ఖాళీలు నిండాయి. రెండో 'వెయ్యి' మెట్టుమెట్టుగా, మెత్తగా కిందికి దిగింది, అడుగున ఆగింది, ఊపిరి తీసుకుని పైకెళ్ళింది. అది నా గొంతు కాదు. మొదటి వరస హీరోయిన్ పిల్లది. ఎక్కడా వెంట్రుకవాసి తప్పు లేని గొంతు. నేను దాన్ని నాదనుకున్నాను.

అక్క బాబిన్ పెట్టి మళ్ళీ తొక్కింది. మోటారు రొద కిందినుంచి లేచి, దిగిన స్వరాలన్నిటినీ మింగేసింది. పైన తేలినవి మాత్రం మిగిలాయి. హీరోయిన్ పిల్ల మళ్ళీ మూడోవరస అయిపోయింది.

చిన్నప్పుడు మా ఇంట్లోనూ పాటకీ అక్కకీ మధ్య ఇలాగే మిషన్ ఉండేది.

పాటల పంతులమ్మ మా ఇంటికి వచ్చేది. ఇద్దరి గొంతూ విని, చిన్నదాని గొంతు ఇంకా వంగుతుంది అని నన్ను తీసుకుంది. సరే, పెద్దది నాకు గుండీ కాజాలకి ఉండనీ అంది, బట్టలు కుట్టే అమ్మ. రెండే గదులు. మిషన్ చప్పుడు శృతికి అడ్డమొస్తోందని పంతులమ్మ తలుపు వేయించేది. నేను ఇవతల పాడేదాన్ని. అవతల అమ్మ మిషన్ తొక్కేది, పదకొండేళ్ళ అక్క నేలమీద కూర్చుని కాజాలు కుట్టేది. ఆరేళ్ళపాటు ఇలాగే. పంతులమ్మ వెళ్ళాక అక్క లేచొచ్చి, నేనా రోజు నేర్చుకున్న పాట తను పాడి వినిపించేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. తనూ నవ్వేది. ఏది వినబడిందో అదే పాడింది. దిగిన స్వరాలు మిషన్ కింద పడి పోయాయి, అవి ఉన్నాయని తనకెవరు చెప్పారు? ఎంతసేపు పోయాయో తెలీదు కాబట్టే తర్వాతి స్వరం దగ్గరికి ముందే వెళ్ళి ఎదురుచూసింది. అక్క ఒక్క పాట కూడా తప్పు పాడలేదు. తను విన్న పాటని ఇంత కచ్చితంగా పాడినవాళ్ళని నేను ఏ స్టూడియోలోనూ చూడలేదు.

దాన్నే నేను తప్పు అని పేరుపెట్టి పట్టుకెళ్ళాను.

ఇదంతా అక్కకి చెప్పొచ్చు. ఇప్పుడే చెప్పొచ్చు. ఎంత చక్కగా చెబుతానో కూడా నాకు తెలుసు. నీ చెవి గొప్పదక్కా అంటాను, తప్పు మిషన్‌ది అంటాను, పంతులమ్మది అంటాను. అక్క కళ్ళు తడవుతాయి, నన్ను దగ్గరికి తీసుకుంటుంది. అందులో రెండేళ్ళ సంగతి ఎక్కడో మడతలోకి వెళ్ళిపోతుంది, అక్క కుట్టే మడతంత నీటుగా. ఓదార్చి తప్పించుకోవడం నాకు బాగా వచ్చిన విద్య. మాటలు నా పక్షాన ఉంటాయి. ముందు వాటి సాయం లేకుండా చెప్పాల్సిందొకటి ఉంది.

అది చెప్పాక అక్క ఏమంటుందో నాకు తెలీదు. లేచి షట్టరు దించెయ్యొచ్చు. మీ బావకి చెప్పకు అనొచ్చు. ఈ చేతులతో నాకింకేదీ కుట్టకపోవచ్చు. రేపు పదింటికి నేను ఎక్కడ ఉంటానో, ఉంటే ఏ గొంతుతో ఉంటానో తెలీదు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనని పెట్టిన సంతకం గుర్తొచ్చింది, ఆ కాగితంలో ఇంట్లోవాళ్ళు అన్న మాట ఎంత చిన్న అక్షరాల్లో ఉందో కూడా.

కాలరు ఒకవైపు లేచింది. అక్క దాన్ని గుప్పిట మీద నిలబెట్టి, తల ఓ పక్కకి వంచి చూసుకుంటోంది. పెడల్ మీద కాలు లేదు. పక్క షాపులో పాట అయిపోయి మాటలు నడుస్తున్నాయి. తను అడిగిన ప్రశ్న మా మధ్య అలాగే ఉంది. అక్క దానివైపు చూడకుండా పని చూసుకుంటోంది.

స్టూలు ముందుకి జరుపుకున్నాను. మోకాళ్ళు మిషన్ బల్లకి తగిలాయి.

"ఏమే?" అంది అక్క తలెత్తి.

కళ్ళు మూసుకోలేదు. అక్క ముఖంలోకి చూస్తూ, మూడోవరస గొంతుతో, 'అడుగు వెయ్యి' అని ఎత్తుకున్నాను.